ఇసుకలో పోయే టైరు

పిచ్చుక తన పొలం తిన్నాడు. ఈ సంగతి షట్టరన్న అడిగినవాళ్లకీ చెబుతాడు, అడగనివాళ్లకీ చెబుతాడు, ఎవరూ దొరక్కపోతే పొద్దున్నే పళ్లు తోముకుంటూ అద్దంలో తన మొహానికే చెప్పుకుంటాడు. పిచ్చుక అంటే పిట్ట కాదు, సొంత తమ్ముడు. పసితనంలో కళ్లు తెరవకముందే నోరు తెరిచేవాడని, నిద్రలో కూడా ఏదో ఒకటి కిచకిచలాడుతూనే ఉండేవాడని నాన్న పెట్టిన పేరు. జుట్టు నెరిసింది గానీ పేరు మాత్రం నెరవలేదు. ఆ పిచ్చుకే, నాన్న పోయాక పొలం రెండు ముక్కలు చేసుకునే రోజున, లెక్కలో నాలుక మడతేసి అన్న వాటా కోసి తన వాటాలో కలుపుకున్నాడు. ఎంత కోసుకున్నాడంటే మాత్రం షట్టరన్న చెప్పడు. ఎంతైతే ఏం, మోసం మోసమే, దానికి మళ్లీ కొలతలా అంటాడు. ఇప్పుడూ అదే అనుకుంటున్నాడు, మధ్యాహ్నపు ఎండ వీధినంతా సున్నం కొట్టినట్టు తెల్లగా చేసేసిన ఈ వేళ, గాలమ్మ సైకిలు షాపులో బోర్లించిన రంగుడబ్బా మీద కూర్చుని, పైన ఫ్యాను ఊళ్లో వేడంతా పోగేసి తన నెత్తిమీదే దింపుతుంటే. ఎదురుగా స్టాండుకి వేలాడుతోంది అతని సైకిలు. రెండేళ్లపాటు ఒక్కో ముక్కా కూర్చి కట్టించుకున్నది, మూటలు కట్టుకుని కొండలూ గుట్టలూ దాటి రోజుల తరబడి పోవడానికి పనికొచ్చే సైకిలు. ముందు చక్రానికి టైరు విప్పేసి ఉంది, ఒట్టి రిమ్ము, చెప్పు జారిపోయిన కాలులా బోసిగా.

"షట్టరన్నా, గంటలో తేల్చెయ్యాలి," అంది గాలమ్మ, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. "నాలుగింటికి మా అత్తమ్మని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. రేపు షాపు తియ్యను. ఇవాళ టైరు ఎంచుకోకపోయావో, ఒట్టి రిమ్ము మీదే పోతావు."

"పోతా. కనీసం చప్పుడైనా ఉంటుంది తోడు."

"చప్పుడుకేం, నువ్వే ఉన్నావుగా," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఒకప్పుడు చేతిపంపు ఒకటి పట్టుకుని వీధి మూల గాలి కొట్టేది కాబట్టి గాలమ్మ. ఇప్పుడు కంప్రెసరొచ్చింది, షాపొచ్చింది, పేరు మాత్రం అక్కడే ఆగిపోయింది. ఈ షాపు షట్టరు కూడా షట్టరన్న చేతి కిందికి వచ్చిందే. ఈ వీధిలో పొద్దున పైకి లేచే ప్రతి షట్టరూ ఎప్పుడో ఒకప్పుడు అతని చేతుల్లో మూలిగిందే. అందరి దుకాణాలూ తెరుచుకునేలా చేసి, తను మాత్రం ఎప్పుడూ బయటి మెట్టు మీద నిలబడే బతుకు. అది కూడా పిచ్చుక పుణ్యమే. పొలం సరిగ్గా పంచి ఉంటే ఈ గ్రీజు ఎవడు పూసుకునేవాడు.

గోడకి మూడు టైర్లు తగిలించి పెట్టింది ఎంచుకోమని. నలభైది, నలభై ఏడుది, యాభై అయిదుది. అవి మిల్లీమీటర్లు, టైరు అడ్డంగా ఎంత లావుందో చెప్పే అంకెలు. కాళ్ల దగ్గర పడి ఉంది తను ఇన్నాళ్లూ తిప్పిన ముప్పై రెండుది, సన్నగా, నున్నగా అరిగి, కుబుసంలా. దాని జంట ఇంకా వెనక చక్రానికే ఉంది. ఊళ్లో తిరగడానికి అది చాలు. రేపు తెల్లారుజామున తను బయల్దేరే దారికి చాలదు. పట్నం దాటాక దారి రెండుగా చీలుతుంది, రెండూ కొండల అవతలి సరస్సుకే పోతాయి. ఒకటి గట్టు మీదుగా కంకర దారి. ఎక్కుడు ఎక్కువ, రాయి ఎక్కువ, దానికి నలభై వేసి గట్టిగా గాలి కొడితే సైకిలు తేలిగ్గా పోతుంది, ప్రతి తొక్కుకీ జవాబు చెబుతుంది. రెండోది కింద, ఎండిన వాగు పక్కనే వాగుతో పాటు మెలికలు తిరుగుతూ పోయే ఇసుక దారి. దాంట్లో సన్న టైరు కత్తిలా దిగిపోతుంది, దిగి అక్కడే నిలబడుతుంది. లావు టైరు వేసి, గాలి తగ్గించి, మెత్తగా పరుచుకునేలా చేస్తే ఇసుక మీద తేలుతుంది. ఇంతే తేడా. ఇంకో తేడా ఉంది గానీ అది టైర్ల పట్టీలో రాయరు: ఆ వాగు దారి సరిగ్గా పిచ్చుక వాకిట్లోంచి పోతుంది.

మొన్న సాయంత్రం ఫోను. తమ్ముడి కూతురు. మాటల్లో తండ్రిని మించింది, అయితే వాడిలా చుట్టూ తిప్పదు, నేరుగా వచ్చి గుచ్చుతుంది.

"పెదనాన్నా, నాన్నకి వచ్చే వారం గొంతు ఆపరేషను."

"మీ పెద్దమ్మ చెప్పిందిలే."

"పెద్దమ్మ ఇది చెప్పిందా మరి? ఆపరేషను అయ్యాక మాట ఉండదట. గొంతులో మాట పుట్టే పెట్టె మొత్తం తీసేస్తారట. ఉన్నప్పుడే ఒక్కసారి వచ్చి మాట్లాడించి పో."

ఆ క్షణానికి నోటికి అందింది అనేశాడు. "నేను సైకిలు మీద పోతున్నానమ్మా, ఎప్పట్నుంచో అనుకున్న ప్రయాణం. మీ దారి కాదు. మీ దారంతా ఇసుక, నా టైర్లు సన్నం, దిగబడిపోతాయి."

"అయితే లావు టైర్లు వేయించుకో పెదనాన్నా," అంది. "అదీ నేనే చెప్పాలా?"

అదీ ఆ పిల్ల. బస్సులో రా అననే అనలేదు. అని ఉంటే నడుం నొప్పి అనేవాడు, షట్టర్ల పని తెగలేదు అనేవాడు, బోలెడు ఉన్నాయి. టైర్లని పట్టుకుంది. టైరు దగ్గర దొరికిపోయాడు. ఫోను పెట్టేశాక ఇంటావిడ కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండానే, "తమ్ముడి మీద అలక టైరు మీద పెట్టడం నేనెక్కడా చూళ్లేదు," అంది. అలకట. పొలం పోగొట్టుకుంటే దాన్ని అలక అంటారా. "ఎంత పోయిందో ఒక్కనాడైనా చెప్పారా మీరు?" అంది మళ్లీ. "ఎకరమా, అర ఎకరమా, అరచెయ్యంతా? ఇన్నేళ్లుగా నేనూ వింటూనే ఉన్నాను, పోయింది పోయింది అంటారు, రైలు పోయినట్టు." జవాబు ఉంటే కదా చెప్పడానికి అని లోపల ఎక్కడో ఒక మాట కదిలింది గానీ దాన్ని అక్కడే కూర్చోబెట్టేశాడు.

ఫ్యాను తిరుగుతోంది. పైన దూలానికి వరసగా వేలాడదీసిన టైర్లు ఆ గాలికి కొద్దికొద్దిగా ఊగుతున్నాయి, ఒకదాని వెనక ఒకటి, ఒక గుండ్రంలోంచి ఇంకో గుండ్రం కనపడుతూ, చివరికి అవతలి గోడ మీద ఎండపొడ ఒకటి నాణెంలా. అందులోకి చూస్తూ కూర్చుంటే రెప్పలు బరువెక్కుతున్నాయి. కొత్త రబ్బరు వాసన. ఆ వాసనకి ఓ గుణం ఉంది, అది ముక్కులోంచి నేరుగా వెనక్కి పోతుంది, ఎంత వెనక్కంటే నాన్న సరుకుల సైకిలు దాకా. వెనక ఇనప క్యారియరు, ముందు తట్ట, మనిషి ముంజేయంత లావుగా కనిపించే టైర్లు. నిజంగా అంత లావు కాదేమో, కానీ ఎత్తు తక్కువ ఉన్న రోజుల్లో అన్నీ లావే. వాగు ఇసుకలో ఆ సైకిలు తోస్తే దాని వెనక ఒక పట్టీ పడేది, మధ్యలో పలకలు పలకలుగా, ఎవరో నేల మీద చాప పరుచుకుంటూ పోయినట్టు. తనూ పిచ్చుకా ఆ పట్టీ మీదే అడుగులేస్తూ, పక్కకి జారితే ఓడినట్టు, ఇంటిదాకా. "ఓడావు ఓడావు, నీ మడమ బయట పడింది" అని పిచ్చుక. "పడలేదురా." "పడింది, ఇసుక చెబుతోంది చూడు." అప్పుడు కూడా వాడి మాటే నెగ్గేది. ఏడో తరగతిలో తను బడి మానేశాడు, నాన్నకి తోడు ఉండాలని. పిచ్చుక మానలేదు, మాట ధాటి ఉన్నవాడు చదువుకోవాలన్నారు. పిచ్చుకేమో సన్న టైరు సైకిలు కావాలని ఏడ్చి కొనిపించుకున్నాడు, బడికి వేగంగా పోవాలట. తను ఇసుకలో నాన్న సైకిలు తోస్తుంటే గట్టు మీద వాడు సన్నటి చక్రాల మీద చువ్వలు మెరిపిస్తూ, పాడుకుంటూ, చెయ్యి ఊపుతూ. అందుకే పొలం పంచుకున్న రోజు లెక్క వాడిదైంది, తోపుడు తనదైంది. చదువుకున్న నోరు లెక్కపెడుతుంది, చదువు మానేసిన చేతులు తోస్తాయి.

"అన్నా, నిద్రపోతున్నావా?"

"లేదు. ఆలోచిస్తున్నా."

"గురక పెడుతూ ఆలోచించేవాళ్లని నిన్నే చూశా." గాలమ్మ యాభై అయిదుది వేసి ఉన్న చక్రం ఒకటి దొర్లించుకొచ్చి సైకిలు వెనక చక్రం ఊడదీసి ఆ చోట దూర్చి చూసింది. ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేతి చూపుడువేలు టైరుకీ ఫ్రేము గొట్టానికీ మధ్య పెట్టబోయింది. వేలు దూరలేదు. "ఊహూ. రాసుకుంటుంది. వేలు దూరాలి అన్నా, లేకపోతే ఒక చిన్న రాయి ఇరుక్కుంటే చాలు, గొట్టం చెక్కేస్తుంది. పైగా దీని మీద యాభై అయిదు అని రాసుంది గానీ, నీ రిమ్ము వెడల్పు కదా, గాలి కొట్టాక ఇంకో రెండు మూడు ఒళ్లు చేస్తుంది."

"అంటే వాగు దారి లేనట్టే," అన్నాడు. దారే ఒప్పుకోలేదు, నేనేం చెయ్యను అని ఆ పిల్లకి చెప్పొచ్చు, ఫ్రేము ఒప్పుకోలేదమ్మా అని. నలభై వేయించుకుని గట్టెక్కి పోవచ్చు. గట్టు మీంచి చూస్తే కింద వాగు కనపడుతుంది, వాగు పక్కన చెట్లు, చెట్ల మధ్య పిచ్చుక ఇంటి పైకప్పు కూడా కనపడొచ్చు, పొగమంచు లేకపోతే. పైనుంచి చూసి పోవచ్చు. వాడు వాకిట్లో ఉంటే కనపడతాడు, ఇంతే ఉంటాడు, నిజంగా పిచ్చుకంతే. అంత దూరంనుంచి మాట వినపడదు. వినపడకపోతే ఉన్నా ఒకటే, తీసేసినా ఒకటే. ఆ ఆలోచన దగ్గర అతనికి చల్లటి నీళ్లలో కాలు పెట్టినట్టయింది. మాట లేని పిచ్చుక. దాన్ని ఊహించబోయాడు, రాలేదు. పెదాలు కదులుతూ చప్పుడు లేని పిచ్చుక. షట్టరు స్ప్రింగు తెగితే ఇలాగే ఉంటుంది, షట్టరు అక్కడే ఉంటుంది, చెయ్యి వేస్తే బరువు మాత్రం వస్తుంది, ఆ లోపలి మూలుగు, ఆ లేచేటప్పటి గరగర, అది ఉండదు. ఇన్నేళ్లూ వాణ్ణి తిట్టుకున్నాడు, తిట్టుకున్న ప్రతిసారీ వాడు లోపలినుంచి తిరిగి జవాబు చెబుతూనే ఉండేవాడు కదా, ఒట్టు అన్నయ్యా, ఒక్క అంకె కూడా మింగలేదు అని. ఆ జవాబు వాడి గొంతుతోనే వచ్చేది. ఆ గొంతు తీసి పళ్లెంలో పెట్టేశాక, లోపల మాట్లాడేది ఎవరు?

పంపకం రోజు పొద్దున మంచు. పొలం ఒక చివర వాగు, ఇంకో చివర రోడ్డు, మధ్యలో మంచు. వాళ్ల వైపు పొలాలు టేపుతో కొలిచే అలవాటు లేదు, సైకిలు చక్రంతో కొలిచేవాళ్లు. చువ్వకి ఎర్రగుడ్డ కడతారు, ఒకడు తోస్తాడు, ఒకడు పక్కన నడుస్తూ గుడ్డ కిందికొచ్చినప్పుడల్లా ఒక తిప్పు అని లెక్కపెడతాడు. ముందు పొలం మొత్తం కొలిచారు, నాన్న సైకిలుతో, వాగు దగ్గర్నుంచి రోడ్డు దాకా. ఒకటీ, రెండూ, మూడూ, పిచ్చుక గొంతు మంచులో ఎక్కడినుంచి వస్తోందో తెలియదు, ముందునుంచా పక్కనుంచా, పాటలా ఒకటే ఊపు, ఎర్రగుడ్డ పైకి లేచి కింద పడి లేచి. మధ్యలో ఎవరో మేకలు తోలుకుపోతుంటే "ఏం బాబాయ్, పెళ్లి కుదిరిందా మేకలకి?" అని ఒక మాట, మళ్లీ లెక్క. రోడ్డు చేరేసరికి రెండు వందల తిప్పులు, చెక్కినట్టు. సగానికి సగం, చెరో వంద. రోడ్డు వైపుది అన్నకి, వాగు వైపుది తమ్ముడికి. ఇక రోడ్డు దగ్గర్నుంచి వెనక్కి వంద తిప్పి హద్దుకి గూటం దిగ్గొట్టడమే. అంతలో బుస్సుమంది. ముల్లు. నాన్న టైరు నేలకి అతుక్కుపోయింది. "నీ సైకిలు తేరా," అన్నాడు తను, "ఇప్పుడెవడు అతుకేస్తాడు." పిచ్చుక పరిగెత్తి తన సైకిలు తెచ్చాడు, గుడ్డ విప్పి దీనికి కట్టారు, రెండింటి రిమ్ములూ ఒకే సైజు, సరిపోతుందిలే అనుకున్నారు, మళ్లీ ఒకటీ, రెండూ. వంద దగ్గర గూటం. ఇద్దరూ కూర్చుని నీళ్లు తాగారు. ఆ రోజు ఎంత బావుంది. నిజం చెప్పాలంటే నాన్న పోయాక అంత బావున్న రోజు ఇంకోటి లేదు.

మొలకలొచ్చాక గూటం దగ్గర నిలబడి అటు చూశాడు, ఇటు చూశాడు. అటు పొడుగు, ఇటు పొట్టి. కంటికే తెలుస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది లెక్క మధ్యలో వాడి వేళాకోళాలు, మేకల పెళ్లి. రెండోసారి తిప్పేటప్పుడు కూడా ఏదో వాగాడు, ఆ వాగుడులో నాలుగైదు అంకెలు మింగేశాడు, తొంభై అయిదు తిప్పుల్నే వంద చేసేశాడు. "లెక్క మింగావురా." "ఒట్టు అన్నయ్యా, ఒక్క అంకె కూడా మింగలేదు. కావాలంటే మళ్లీ తిప్పుదాం పద." మళ్లీ తిప్పితే మళ్లీ లెక్కపెట్టేది ఆ నోరే కదా. తిప్పనన్నాడు. ఆ పంటతో తన వాటా ముక్కని దారిన పోయేవాడికి అమ్మేసి పట్నం వచ్చేశాడు. పిచ్చుక బస్సు దాకా వెంటపడి మాట్లాడుతూనే ఉన్నాడు, బస్సు కదిలినా మాట్లాడుతూనే ఉన్నాడు, అద్దం అవతల నోరు కదులుతూ.

"సరే, ముందుకి నలభై ఎక్కించి చూపిస్తా, ఎలా ఉంటుందో చూడు," అంటోంది గాలమ్మ. ఎక్కించేసింది కూడా, వేళ్లతో అంచు లోపలికి నొక్కుతూ, కంప్రెసరు దడదడమంటుంటే గాలి కొట్టి. "ఆఁ, ఆ హ్యాండిలు మీద నీ దూరం చెప్పే మీటరు ఉంది కదా, టైరు మారితే దానికి చక్రం కొలత మళ్లీ చెప్పాలి. లేకపోతే అబద్ధాలు చెబుతుంది."

"చక్రం అదే కదా. టైరేగా మారింది."

"అందరూ అదే అంటారు." ఆవిడ నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీసింది. రెండు టైర్ల మీదా చెరో చుక్క పెట్టింది. "చూడు," అని ఊడదీసిన వెనక చక్రం, ఆ పాత ముప్పై రెండుది, గీత మీద పెట్టి, చుక్క కిందికి వచ్చేలా ఆనించి, మెల్లగా ఒక్క తిప్పు తోసింది. చుక్క తిరిగొచ్చి నేలకి తగిలిన చోట గీత. మళ్లీ మొదటికొచ్చి ముందు నలభైది కూడా దించి ఆనించి, ఒక్క తిప్పు. ఈ చుక్క పాత గీత దగ్గర ఆగలేదు. దాన్ని దాటి పోయి పడింది. ఆవిడ అక్కడ రెండో గీత గీసింది. "లావు టైరంటే ఒట్టి అడ్డం లావు కాదన్నా, ఎత్తు కూడా. ఎత్తుంటే చుట్టుకొలత ఎక్కువ. ఒక్క తిప్పుకి ఇంత ఎక్కువ దూరం పోతుంది."

రెండు గీతల మధ్య అతను చూస్తున్నాడు. మూడు వేళ్లు పడతాయి అంతే. టేపు పెట్టింది గాలమ్మ, అయిదు సెంటీమీటర్లు. తెల్లటి గీతల మధ్య నల్లటి నేల, ఆ నేల మెల్లగా తడిసి మొలకలేస్తున్నట్టు అనిపించింది. ఫ్యాను చప్పుడులోంచి లెక్క వినిపిస్తోంది, ఒకటీ, రెండూ, మూడూ, ఒక్కో అంకెకీ మూడేసి వేళ్లు, ఎర్రగుడ్డ లేస్తూ పడుతూ, ఒక్క అంకె కూడా తప్పకుండా, మింగకుండా, వరసగా. నాన్న సైకిలు టైరు ఇంచుమించు ఈ నలభైయే. పిచ్చుక బడి సైకిలు టైరు ఆ సన్నదే. మొత్తం పొలాన్ని లావు చక్రంతో కొలిచి, తన వాటాని సన్న చక్రంతో కొలిచారు. నీ సైకిలు తేరా అన్నది ఎవరు? ఆ ఎవరు అన్న మాట దగ్గర అతను లేచి నిలబడ్డాడు. వెంటనే ఒళ్లు మండింది కూడా, ఎవరి మీద అంటే ఇదీ అని చెప్పలేని మంట. ఇన్నేళ్లు పెంచి పోషించిన కోపాన్ని ఎవరో వచ్చి ఇది మీది కాదండీ పొరపాటున మీ ఇంటికొచ్చింది అని పట్టుకుపోతున్నట్టు. వాడు మోసం చేసి ఉంటే ఎంత బావుండేది. చేసి ఉంటే పోయి నిలదీసేవాడు, పోకుండా ఉండేవాడు, ఏదైనా చేసేవాడు. ఒక ముల్లుని ఎలా నిలదీస్తారు.

"ఏమైందన్నా? కళ్లు తిరుగుతున్నాయా? టీ చెప్పనా?"

"యాభై అయిదుది ముందు పడుతుందా?" అన్నాడు.

గాలమ్మ ముందు ఫోర్కులోకి వంగి చూసింది. ఆ లావు టైరు చక్రాన్ని రెండు చేతుల్తో పట్టి ఆనించి, వేలు పెట్టింది. దూరింది. "ముందు పడుతుంది. వెనకే పట్టదు."

"ముందు లావుది వేసి, వెనక కాస్త తక్కువది వేస్తే?"

"వెయ్యొచ్చు, చాలామంది అలాగే పోతారు. ఇసుకలో ముందు దిగబడేది ముందు చక్రమే కదా. అది తేలితే వెనకది దాని వెంట వచ్చేస్తుంది, కాస్త ఏడుస్తూ. వెనక నలభై ఏడు వేస్తా, వేలు దూరుతుంది." ఆవిడ ఆగి అతని వంక చూసింది. "అంటే వాగు దారా?"

"వెయ్యి."

ఆవిడ పని మొదలెట్టింది. అతను ఫోను తీసి నొక్కాడు. తమ్ముడి కూతురు ఎత్తుతుందనుకున్నాడు. ఎత్తింది ఆ పిల్ల కాదు. అవతల ఎవరో ఇటుక మీద ఇటుక రాపాడిస్తున్నట్టు ఒక చప్పుడు, ఆ చప్పుడులో ఒక మాట ఉందని ఆలస్యంగా తెలిసింది. "ఎవరూ?"

వీధిలో ఎవరో బండి తోసుకుపోతున్నారు, దాని చక్రం కిర్రుమంటోంది.

"నేనేరా," అన్నాడు చివరికి. "ఎల్లుండి పొద్దుగూకేలోగా వస్తా. ముందుకి లావు టైరు వేయించాను."

ఇటుకల చప్పుడు ఆగిపోయింది. ఊపిరి మాత్రం వినపడుతోంది, తెగుతూ, అతుక్కుంటూ. "ఎంత లావు?"

"యాభై అయిదు. వెనక నలభై ఏడు."

"గాలి... గాలి ఎక్కువ పెట్టకన్నయ్యా," అంది ఆ గరగర, "వంతెన దాటాక దిగి సగం తీసెయ్, నువ్వు తియ్యవు నాకు తెలుసు, నీకు టైరు రాయిలా ఉండాలి, ఇసుకలో రాయి పనికిరాదు, ఆ చింతల మలుపు దగ్గర ఎడం వైపు రా, కుడి వైపు మొన్న వానకి కోసేసింది, అక్కడ మా పక్కింటాయన ట్రాక్టరే..." అక్కడ దగ్గొచ్చింది. దగ్గు మధ్యలోంచి కూతురి గొంతు, "నాన్నా, డాక్టరు మాట్లాడొద్దన్నాడు, ఇలా తే." "ఉండవే, దారి చెబుతున్నా." మళ్లీ మొదలెట్టాడు. దారి ఎంత ఉందో అంతా చెప్పాడు, ప్రతి మలుపూ, ప్రతి గుంటా, ఎక్కడ నీడుందో, ఎక్కడ కుక్క ఉందో. షట్టరన్న ఊఁ అంటూ విన్నాడు. అతనికి తెలియని దారి కాదు. ఆపమనలేదు. కళ్లు మూసుకుని విన్నాడు, ఆ గరుకులో కింద ఎక్కడో పాత గొంతు ఇంకా ఉంది, వాగు ఎండాక ఇసుక లోపల తడి ఉన్నట్టు. ఆ తర్వాత ఫోను కూతురు లాక్కుంది. "పెదనాన్నా, చూశావా నీ వల్ల," అంది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, పెట్టేసింది.

గాలమ్మ రెండో టైరు అంచు లోపలికి నొక్కుతోంది, బొటనవేళ్లు తెల్లబడేలా. తలెత్తకుండానే అడిగింది. "తమ్ముడేనా? ఆ పొలం తిన్నాడంటావే, ఆయనేనా?"

"ఆఁ."

"ఇంతకీ ఎంత పోయిందన్నా? ఎన్నిసార్లు చెప్పావో గానీ ఎంతో ఒక్కసారీ చెప్పలేదు."

అతను నేల మీది గీతల వంక చూశాడు. రంగుడబ్బా మీద మళ్లీ కూర్చున్నాడు. బడిలో వదిలేసిన లెక్కలు ఎక్కడున్నాయో వెతుక్కుంటున్నట్టు వేళ్లు మోకాలి మీద ఆడాయి. "తిప్పుకి అయిదు సెంటీమీటర్లు," అన్నాడు మెల్లగా, "అలాంటివి వంద తిప్పులు. అయిదు మీటర్లు. పొలం అడ్డం నలభై మీటర్లు."

"అంతేనా?"

"మిగతాది నేనే అమ్ముకున్నాను. అది వాడి ఖాతాలో రాయకూడదు." వేళ్లు మళ్లీ మోకాలి మీద ఆడాయి, రెండు వందల చదరపు మీటర్లని గజాల్లోకి మార్చుకుంటూ. "పిచ్చుక వైపు పోయింది రెండు వందల ముప్పై తొమ్మిది గజాలు."